రంగం వెళ్ళిన చిన్న తాతయ్య

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం ఉండేది కూకట్‌పల్లిలో. మా అత్తవారిది తాళ్ళరేవు దగ్గర పల్లె. మావారి తాతగారికి ఒక తమ్ముడు ఉండేవారట. ఇంట్లో ఆయన గురించి ఉన్న మాట ఒక్కటే: "చిన్న తాతయ్య రంగం వెళ్ళిపోయాడు." రంగం అంటే బర్మాలోని రంగూన్. ఎప్పుడు వెళ్ళారు, ఏం చేశారు, ఏమయ్యారు, ఎవరూ చెప్పరు. మామగారిని అడిగితే "పాత సంగతులు మనకెందుకమ్మా" అని పేపరు తీస్తారు. ఆయన పేరు వినపడేది ఏడాదికొక్కసారి, మహాలయ అమావాస్యనాడు మామగారు తర్పణం వదిలేటప్పుడు.

ఆయన భార్యని, అంటే చిన్న మామ్మని, మావారు చిన్నప్పుడు చూశారు. పిల్లలు లేరు. 1986లో, డెబ్బైకి దగ్గరలో పోయారట. చివరిరోజు దాకా బొట్టు తీయలేదట. వాళ్ళ పెళ్ళి యానాంలో జరిగిందని అత్తయ్యగారు ఒకసారి నోరు జారారు. అక్కడ మావైపు వాళ్ళు గానీ, మామ్మ పుట్టింటివాళ్ళు గానీ ఎవరూ లేరు.

మామ్మ ట్రంకుపెట్టెలో మూడు వస్తువులు మిగిలాయి. మందపాటి అట్టకి అంటించిన ఫొటో: కోటు వేసుకుని, కుర్చీ పక్కన నిలబడ్డాయన. ఒక కార్డు: క్షేమం, పండగలోగా సొమ్ము పంపుతాను, అంతే. ఎర్ర లక్క పూసిన గుండ్రటి డబ్బా. "మా తాతయ్య తమ్ముడు. నాకే పట్టలేదు, నీకేం పట్టింది?" అని మావారు నవ్వుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక కోడలు

జవాబు: మీవారిని నవ్వనివ్వండమ్మా. నేను ముప్పై రెండేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేశాను. ఆస్తి తగాదా ఏమీ లేకుండా, కేవలం ఒక మనిషి ఆనవాలు కోసం పాత దస్తావేజు అడిగినవాళ్ళు నా సర్వీసు మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో ఎక్కువమంది కోడళ్ళే. కొడుకులకి కొన్ని మాటలు పుట్టినప్పట్నుంచీ చెవిలో పడి పాతబడిపోతాయి. మనం పాతికేళ్ళ వయసులో ఆ ఇంట్లో అడుగుపెట్టి మొదటిసారి వింటాం కాబట్టి "అదేమిటి?" అంటాం.

మీ ఉత్తరంలోనే ఒక ముడి ఉంది, చూశారా? మామ్మ బొట్టు తీయలేదు. మామగారేమో ఆయనకి తర్పణం వదులుతున్నారు. ఒకే ఇంట్లో భార్యకి ఆయన బతికున్నాడు, మిగతావాళ్ళకి లేడు. పోయిన తిథి తెలియనివాళ్ళకి పెట్టే రోజు మహాలయ అమావాస్య. అంటే కబురేదీ రాలేదు. ఆయన లేడని ఇంట్లోవాళ్ళే ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నారు. పల్లెటూళ్ళో అలా అనుకోవలసిన అవసరం ఎప్పుడొస్తుంది? నూటికి తొంభైసార్లు భూమి పంచుకునేటప్పుడు. మీరు వెతకవలసింది రంగూన్‌లో కాదు, ముందు ఆ పొలం కాగితాల్లో.

దానికి ముందు యానాం సంగతి. అత్తయ్యగారు నోరు జారి మీకు చాలా పెద్ద ఉపకారం చేశారు. బాల్యవివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలన్నారు. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి మూడుముళ్ళూ వేయించుకుని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. చుట్టాలు లేని ఊళ్ళో మీవాళ్ళు పెళ్ళి ఎందుకు పెట్టుకున్నారో అర్థమైందిగా. 1986లో డెబ్బైకి దగ్గర అంటే మామ్మ 1917, 18 ప్రాంతంలో పుట్టి ఉంటారు. చట్టం వచ్చేనాటికి పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల. పెళ్ళి 1930, 31ల్లో జరిగిందని, ఆయన రంగం వెళ్ళింది ఆ తర్వాతేనని పెన్సిలుతో రాసుకోండి. పెన్నుతో వద్దు. పెళ్ళికి ముందే ఒకసారి వెళ్ళొచ్చి ఉండొచ్చు కూడా. చాలామంది రెండేళ్ళో మూడేళ్ళో ఉండి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చి, మళ్ళీ వెళ్ళేవారు.

ఇప్పుడు ట్రంకుపెట్టె. ఫొటోని అట్ట నుంచి ఊడదీయకండి, దణ్ణం పెడతాను. ఒకావిడ వెనకేం రాసుందో చూద్దామని నీళ్ళతో తడిపి, నా దగ్గరికి ముద్ద పట్టుకొచ్చింది. చీకటి గదిలో ఫోను టార్చిని పక్కనుంచి, అట్టకి దాదాపు ఆనించి వేయండి. స్టూడియోవాళ్ళు సిరా లేకుండా ఒత్తిన అచ్చు ఉంటే ఆ ఏటవాలు వెలుగులో నీడల్లా పైకి తేలుతుంది. సాధారణంగా కింద కుడిమూల ఉంటుంది. ఆ కోటు చూసి మురిసిపోకండి, అది స్టూడియోవాడి కోటు కూడా కావచ్చు.

కార్డు మీద రాసింది తక్కువే అయినా స్టాంపు మాట్లాడుతుంది. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. అంతకుముందు రంగూన్‌లో వాడింది మన స్టాంపులే. ఆ రోజు నుంచి అవే స్టాంపుల మీద బర్మా అని ఇంగ్లీషులో అచ్చుకొట్టి అమ్మారు, మరుసటేడు విడిగా కొత్తవి వేశారు. ఇక గుండ్రటి పోస్టు ముద్రని ఫోనులో పెద్దది చేసి ఒక్కొక్క అక్షరం చదవండి. రంగూన్ అని మాత్రమే ఉంటే చేసేది లేదు. పజుందాంగ్ అనో, కెమెండైన్ అనో, దల్లా అనో ఉంటే పేట దొరికినట్టే. పజుందాంగ్ వాగు వెంబడి బియ్యం మిల్లులుండేవి, దల్లాలో ఓడల మరమ్మతు యార్డు ఉండేది. వీధి పేరు కనిపిస్తే ఇప్పటి మ్యాపులో నేరుగా వెతక్కండి, పేర్లు మార్చేశారు. అప్పటి డల్హౌసీ స్ట్రీటు ఇప్పుడు మహాబందూల, ఫ్రేజర్ స్ట్రీటు అనవ్రత.

ఎర్ర డబ్బా బర్మావాళ్ళ తమలపాకుల డబ్బాలా ఉంది. అలాంటివాటిలో ఒకదానిమీద ఒకటి అరలుంటాయి. అరలు పైకి తీసి అడుగున కాగితమేమైనా ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే సున్నం మరకలుంటాయి. మామ్మ దాన్ని వాడుకున్నారని తెలుస్తుంది.

రంగూన్ ప్రయాణికుల జాబితాలో చూస్తే పేరు దొరకదా అని మీకు అనిపించి ఉంటుంది. అక్కడే చిక్కు. మారిషస్, నాటల్, ఫిజీ వెళ్ళినవాళ్ళు ఒప్పందపు కూలీలు. తలకొక నంబరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా రాసి ఓడ ఎక్కించారు. బర్మా అలా కాదు. అప్పటికది ఇండియాలోనే ఒక రాష్ట్రం. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, కళింగపట్నంలోనో డెక్కు టిక్కెట్టు కొనుక్కుని ఓడెక్కడమే. టిక్కెట్టు డబ్బు మేస్త్రీ, అంటే కూలీల్ని కూడగట్టి తీసుకెళ్ళేవాడు, అడ్వాన్సుగా ఇచ్చేవాడు. అక్కడికెళ్ళాక కూలిలో కోసుకునేవాడు. రాతకోతలన్నీ మేస్త్రీ చిట్టాలో ఉండేవి. ఆ చిట్టాలు ఏ ఆర్కైవ్స్‌కీ చేరలేదు.

1931 లెక్కల నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా మనదేశంవాళ్ళు. ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, రిక్షా లాగినవాళ్ళు, మిల్లు కూలీలు, వీళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే. వాళ్ళని కోరంగీలు అనేవారు. మీ పక్క ఊరు కోరంగి పేరే అది. ఇంగ్లీషు ఫైళ్ళలో వెతికేటప్పుడు తెలుగు అని కొడితే వచ్చేవి తక్కువ, కోరంగి అని కొట్టండి. 1930 మే 26న రంగూన్ రేవులో గొడవలు జరిగాయి. తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తేలి మనవాళ్ళని మళ్ళీ పిలిచి, వాళ్ళని పొమ్మన్నారు. దాంతో కత్తులు లేచాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, వేలమంది ఓడలెక్కి ఇళ్ళకొచ్చేశారు. అది జరిగాక కూడా మీ చిన్న తాతయ్య రంగం వెళ్ళారంటే, ఇంటిదగ్గర పరిస్థితి అంత గట్టిగా ఉన్నట్టు లేదు.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశారు, 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు బయటపడ్డారు. మిగతావాళ్ళు లక్షల్లో నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి కొండలు దాటి అరకాన్ తీరానికి, కొందరు టాము మీదుగా మణిపూర్‌కి. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. మీ ఇంటికి కబురు రాకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఆ ఏప్రిల్ 6న కాకినాడ మీదా బాంబులు పడ్డాయి కాబట్టి కబురు కోసం చూసేవాళ్ళూ కుదురుగా లేరు.

ఇక పొలం కాగితాలు. ఏడేళ్ళపాటు, కబురు తెలియవలసినవాళ్ళకి కబురు తెలియకపోతే ఆ మనిషి పోయినట్టు కోర్టు భావించవచ్చని సాక్ష్య చట్టంలో ఉంది. 1942 నుంచి ఏడేళ్ళు లెక్కేస్తే 1949. అందుకని 1949 నుంచి 1956 దాకా ముందు చూడండి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక వాటాల లెక్కలు మారిపోయాయి. మీరు ఆన్‌లైన్‌లో ఈసీ తీస్తే 1983కి ముందువి రావు. మీ ఊరు అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కింద ఉండేదో కనుక్కోండి. ఇప్పుడు కాకినాడ జిల్లా అయినా అప్పుడు తూర్పు గోదావరి. ఆ ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతకమని దరఖాస్తు పెట్టండి. ఇండెక్స్ ఒకటి పేర్లది, రెండు ఆస్తులది. అందరూ సర్వే నంబరుతో రెండోది చూపించి పంపేస్తారు. మీరు ఒకటో ఇండెక్సు అడగండి. అందులో చిన్న తాతయ్య పేరు కాదు, చిన్న మామ్మ పేరు వెతకండి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నకలు ఎవరైనా తీసుకోవచ్చు, "మీరేమవుతారు" అనే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదు.

మామ్మ పేరే ఎందుకంటే, భర్త కనపడకుండా పోయిన ఇంటికోడలికి బావగారు తిండిగింజలకని కొంత పొలం రాసిచ్చేవారు. దాన్ని మనోవర్తి దస్తావేజు అంటారు. ఎందుకు రాసివ్వవలసి వచ్చిందో మొదటి పేరాలో చెప్పడం దస్తావేజు లేఖరుల అలవాటు. ఇంట్లో డెబ్బై ఏళ్ళు ఎవరూ అనని మాట ఆ పేరాలో ఉంటుంది.

నాకు తెలుసు, మా ఇంట్లో జరిగింది. మా అత్తగారి అన్నయ్య, మావారికి మేనమామ, శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వెళ్ళి తిరిగిరాలేదు. కూలికి వెళ్ళాడని మా అత్తగారు చెప్పేవారు, కళ్ళు మాత్రం కిందికి దించుకునేవారు. రోజూ పాత పుస్తకాల మధ్యే కూర్చున్న నాకు ఆయన పేరు వెతకాలని తోచడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం, కరెంటు లేదు, కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని 1951 ఇండెక్సు తీశాను. అట్ట ఊడి తాడుతో కట్టి ఉంది. సిరా గోధుమరంగుకి తిరిగింది. గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా పేరాకి పేరా రాసుకుపోయాడు. అక్షరం విడదీయడానికి ఒక్కొక్క లైనుని వేలితో పట్టుకుని పైకి చదువుకోవాలి. ఆయన భార్య పేరు దొరికింది. ఎకరం ఇరవై సెంట్లు మనోవర్తి. కారణం రాసిన చోట ఆయన్ని కూలీ అనలేదు, మౌల్మేనులో మిల్లు మేస్త్రీ అన్నారు. ఊరినుంచి తనతో తీసుకెళ్ళిన పదకొండుమంది తాలూకు అడ్వాన్సు బాకీలతో ఈ పొలానికి సంబంధం లేదని కూడా రాశారు.

ఆ లైను మూడుసార్లు చదివాను. ఊళ్ళో పదకొండు ఇళ్ళ మగవాళ్ళని ఆయన ఓడెక్కించాడు. ఎంతమంది వెనక్కి వచ్చారో దస్తావేజులో లేదు. ఆ ఇళ్ళమధ్యే మా అత్తగారు పెరిగారు, ఆ బావి దగ్గరే నీళ్ళు తోడుకున్నారు. ఇంటికి వెళ్ళి ఆవిడకి చెప్పలేదు. నాలుగు నెలలు ఆగాను. చెప్పిన రోజు ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆపకుండా, "తొమ్మిదిమంది వచ్చారు" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకని మీ మామగారితో తొందరపడకండి. "పాత సంగతులు ఎందుకు" అనే మనిషికి సంగతి తెలుసు. ఈ మహాలయ అమావాస్యకి ఆయన పక్కన కూర్చుని, చిన్న తాతయ్య పూర్తి పేరూ గోత్రమూ చెప్పమని, రాసుకుంటానని మాత్రమే అడగండి. తర్పణం మొదట ఏ సంవత్సరం వదిలారో పురోహితుడి ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుండొచ్చు.

రిజిస్ట్రేషను పుస్తకాల్లో ఏమీ లేకపోతే కోర్టు. పంపకాల దావా పడి ఉంటే దావా కాగితాల్లో వంశవృక్షం గీసి ఉంటుంది, అల్లుళ్ళూ కోడళ్ళతో సహా. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. 1941 తర్వాతి ఇండియన్స్ ఓవర్సీస్ శాఖ ఫైళ్ళలో బర్మా కాందిశీకుల మీద చాలా ఉంది. కూలీల పేర్లు తక్కువ, మేస్త్రీలూ వ్యాపారుల పేర్లు ఎక్కువ. 1942 నాటి పేపర్లకి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. అదృష్టం మీద ఆధారపడ్డ పని, రెండు రోజులు కేటాయించి వదిలేయండి.

చివరిది, కాస్త గుండె దిటవు చేసుకుని చేయవలసింది. ఆయన అక్కడే ఉండిపోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని ఉండొచ్చు. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక, 1964లో దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుని, యాభై, వంద చాట్ల నోట్లు రద్దుచేశాక మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడల్లో వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు వాళ్ళ వల్ల పుట్టిందే. అక్కడ ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఫొటో నకలు పట్టుకుని ఒకసారి వెళ్ళండి. వెళ్ళేముందు మీవారితో మాట్లాడి వెళ్ళండి, ఎందుకంటే అక్కడ దొరికేది మీవారికి వరసకి బాబాయిలూ అత్తయ్యలూ కావచ్చు.

ప్రశ్న: మా వియ్యంకుడిగారి ముత్తాత దక్షిణాఫ్రికా నాటల్‌కి వెళ్ళి ఒకసారి వచ్చారట. మా అమ్మాయి కోసం ఆ వివరం రాసిపెట్టాలని ఉంది. దొరుకుతుందా?
— ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ పని పై ఉత్తరం రాసినామె పనికంటే చాలా తేలిక. 1860 నుంచి 1911 దాకా నాటల్ వెళ్ళిన ఒప్పందపు కూలీలు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ నంబరు ఉంది, ఓడల జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కించారు. చిక్కల్లా స్పెల్లింగు. అప్పలస్వామి అనే పేరుని తెలుగు రాని గుమాస్తా ఎన్ని రకాలుగా రాయగలడో అన్ని రకాలుగానూ రాశాడు. పేరుతో కాకుండా ఊరు, తాలూకాతో వడపోయండి, తర్వాత తండ్రి పేరు సరిచూడండి. ఇంటిపేరు ఉంటుందని ఆశపడకండి. ఓడ పేరు దొరికితే అదే ఓడలో మీ వియ్యాలవారి ఊరివాళ్ళు ఇంకెవరున్నారో చూడండి, ఒంటరిగా వెళ్ళినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: మీరు ప్రతి నెలా కోడళ్ళని ఎగదోస్తున్నారు. మా కోడలు మా అత్తగారి చెల్లెలి గురించి అడిగి అడిగి ప్రాణం తీస్తోంది. మా ఇంటి గుట్టు దానికెందుకు?
— ఒక అత్తగారు, తెనాలి

జవాబు: ఎగదోసిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. బతికున్నవాళ్ళ సంగతులు వాళ్ళని అడగకుండా బయటపెట్టొద్దని మీ కోడలికి నా మాటగా చెప్పండి. చెప్పి, మీ పెళ్ళి శుభలేఖ బీరువాలో ఉంటే తీసి ఆమె చేతిలో పెట్టండి. ఆహ్వానించే పెద్దల పేర్ల వరసలో మీ అత్తగారి చెల్లెలి భర్త పేరు ఉందో లేదో చూడమనండి. లేకపోతే మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇంకో నాలుగు పెరుగుతాయి, అందుకు మాత్రం నన్ను తిట్టుకోకండి.